రాగుల డబ్బా

చేత్తో ఊపే డబ్బా కన్నా తేలికైన వాయిద్యం లేదని ఎవరైనా అంటే, వాళ్లని ఒక్క వారం మా మేనత్తకి అప్పగించాలి. తబలాకి గురువు కావాలి, హార్మోనియానికి ఏళ్లు కావాలి, డబ్బాకేముంది, ఊపితే మోగుతుంది అని నేనూ ఒకప్పుడు అన్నాను. నోరు జారినందుకు ఇరవై నాలుగేళ్ల వయసులో, పొద్దంతా ఆఫీసులో టైపు కొట్టి వచ్చి, పద్మారావు నగర్‌లో మా వంటగదిలో నిలబడి, చేయి పట్టేసేదాకా ఊపాను.

అత్తయ్య మా నాన్నకి అక్క. గుంటూరు వైపు నుంచి టీచరు ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి, పెళ్లి మాట ఎత్తినవాళ్లందరినీ కసిరి పంపి, మా ఇంట్లోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు అరిపించింది, వాళ్ల కంటే గట్టిగా తను అరిచింది. ఆదివారాలు చర్చిలో మైకు అక్కర్లేకుండా పాడింది. చివరికి గొంతు మొరాయించింది. మొదట బొంగురుపోయింది, తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల కాయలాంటిది ఉంది, ఆపరేషన్ చేసి తీసేయాలన్నాడు. తీశాక మాట వస్తే రావచ్చు, పాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. ఈలోగా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావు. ఆపరేషన్‌కి పద్నాలుగు రోజులు గడువు.

ఏడుస్తుందనుకున్నాం. ఇంటికి రాగానే తన పాత బడిపెట్టెలోంచి పలక తీసి, బలపంతో గుండ్రటి అక్షరాలతో రాసి నాకు చూపించింది.

"అమ్మ పాట రికార్డు చేయాలి. డబ్బా నువ్వు."

అమ్మ అంటే మా నాయనమ్మ. ఆమెకి చదువు రాదు. తిరగలి ముందు కూర్చుని రాగులు విసురుతూ తనకు తానే ఒక పాట కట్టుకుంది. దేవుడి పాటే అయినా అది చర్చి పాటల పుస్తకంలోకి ఎక్కలేదు. చరణాలు అత్తయ్య నోటుబుక్కులో రాసి పెట్టింది గానీ వరస కాగితం మీద నిలవదు కదా. ఆ వరస సరిగ్గా తెలిసింది అత్తయ్య ఒక్కదానికే. మా నాన్న పాడితే అది వేరే పాట అయిపోతుంది. నేను పాడితే అసలు పాటే కాదు. పద్నాలుగు రోజుల్లో ఆ పాట క్యాసెట్‌లోకి ఎక్కాలి, లేకపోతే అత్తయ్య గొంతుతోపాటే పోతుంది. ఇంత పెద్ద పనిలో నా వంతు ఏమిటయ్యా అంటే డబ్బా ఊపడం.

ఆ డబ్బా కూడా ఆమే తయారు చేసింది. ఖాళీ పౌడరు డబ్బా మూత ఊడదీసి, కడిగి ఎండబెట్టి, గింజలు పోసి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కార్చి బిగించింది. నేను బియ్యం పోద్దామన్నాను. పలక మీద "వడగళ్లు" అని రాసింది, చప్పుడు అలా ఉంటుందట. పోనీ ఆవాలన్నాను. "దోమలు" అని రాసింది. నాయనమ్మ విసిరినవి రాగులు గనక పాట వెనక రాగులే మోగాలట. సరే, అవైనా నిండా పోస్తే చప్పుడు బాగా వస్తుంది కదా అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసి, మూడో వంతు మాత్రం పోసి ఊపి చూపించింది. గింజకి పరిగెత్తడానికి చోటుండాలి. కిక్కిరిసిపోతే సంతలో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటాయి తప్ప డబ్బా గోడకి తగలవు. ఇది నాకు ఆ రోజే తెలిసింది గానీ, తెలిసిందని ఒప్పుకోలేదు.

ఇక ఊపడం. నేను చంటిపిల్ల ముందు గిలక్కాయ ఆడించినట్టు పైకీ కిందికీ ఊపాను. అత్తయ్య కళ్లు మూసుకుని, పలక మీద అడ్డంగా ఒక గీత గీసింది. డబ్బా పడుకుని ఉండాలి. ఆ గీత మీదే ముందుకు వెళ్లాలి, ఆ గీత మీదే వెనక్కి రావాలి. ఏ పక్కకి వాలినా గింజలు జారిపోతూ మోతని సాగదీస్తాయి, దెబ్బ పడదు. ముందుకు నెడితే ఒక దెబ్బ, వెనక్కి లాగితే ఒక దెబ్బ. ముందరిది కాస్త బరువు, వెనకది తేలిక. తిరగలి కూడా సగం చుట్టు బరువుగా, సగం చుట్టు తేలికగా తిరుగుతుందట. భుజం కదపకూడదు, మోచేయి నుంచి కదలాలి, చివర్లో మణికట్టుతో టక్కున ఆపాలి. పిడికిలి బిగిస్తే మోత చచ్చిపోతుంది, వదులుగా పట్టుకుంటే డబ్బా చేతిలో దొర్లుతుంది. 

అసలు చిక్కు ఇవేవీ కావు. చేయి కదిలినప్పుడు మోత రాదు, చేయి ఆగినప్పుడు వస్తుంది. చేయి ఆగాక కూడా లోపల గింజలు ఉరికి వెళ్లి గోడకి కొట్టుకుంటాయి. అంటే తాళం పడే చోటికి గింజలు చేరాలంటే చేయి రవ్వంత ముందే బయలుదేరాలి. ఆ రవ్వంత అంటే ఎంత? అడిగితే అత్తయ్య చూపుడువేలు, బొటనవేలు దగ్గరగా పెట్టి చూపించేది. ఆ రెండు వేళ్ల సందు ఒక్కోసారి ఒక్కోలా ఉండేది. కాస్త ఎక్కువ ముందు బయలుదేరానా, పలక లేచేది. దాని మీద ఒక మూల ఒకటే మాట, తుడవకుండా అట్టే పెట్టుకుంది.

"తొందర."

పన్నెండు సాయంత్రాలు ఆ మాట చూశాను. పోనీ ఆమె పాడితే ఆ పాట పట్టుకుని వెళ్లేదాన్ని. గొంతు దాచుకోవాలి గనక ఆమె పాడేది కాదు. కుర్చీలో కూర్చుని పెదవులు మాత్రం కదిపేది. నేను ఆ పెదవులు చూస్తూ డబ్బా ఊపాలి. వినపడని పాటకి తాళం వేయడం కన్నా పెళ్లికొడుకు లేని పెళ్లికి మేళం వాయించడం నయం. ఒక సాయంత్రం విసుగొచ్చి, మూత వదులుగా ఉంది, అందుకే సరిగ్గా మోగట్లేదన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని ఆమెకి రాయాల్సిన పని కూడా లేకపోయింది. మళ్లీ కొవ్వొత్తి వెలిగించి, ఇంకో పొర మైనం కార్చి, డబ్బా నా చేతిలో పెట్టింది.

అత్త మీది కోపం దుత్త మీద చూపడం కోడళ్లకే అనుకుంటారు గానీ మేనకోడళ్లకీ ఉంటుంది. నాకు కోపం వస్తే డబ్బాని గట్టిగా ఊపేదాన్ని. గట్టిగా ఊపితే తాళం పరిగెత్తేది. తాళం పరిగెత్తితే పలక లేచేది. పలక చూస్తే మళ్లీ కోపం వచ్చేది. మా అమ్మ పప్పు తాలింపు వేసుకోవడానికి వచ్చి, "మీ ఇద్దరి ప్రార్థన అయిందా, నాకు పొయ్యి కావాలి" అని గుమ్మంలో నిలబడేది.

ఆపరేషన్ సోమవారం అనగా శనివారం పగలు రికార్డింగ్. తిరుమలగిరిలో, మిలిటరీ బ్యాండులో వాయించి రిటైరైన ఒకాయన తన ఇంటి వెనక గదిలో ఆ పని చేసేవాడు. గోడలకి కొబ్బరిపీచు పరుపులు, కిటికీకి రెండు కంబళ్లు. మే నెల. ఫ్యాను తిరిగితే మైకులో పడుతుందని ఫ్యాను బంద్ చేశాడు. లోపలికి వెళ్లిన ఐదు నిమిషాలకే చెమట కళ్లలోకి కారింది.

"చూడు చెల్లె, ముందుగాల మేడం పాట ఒక్కటే తీసుకుంట. తర్వాత నువ్వు ఆ పాట చెవులల్ల వినుకుంట డబ్బా ఊపు. గట్లయితె ఎవరి తప్పు వాళ్లది, జల్దీ అయిపోతది" అన్నాడాయన.

నాకు ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. అత్తయ్య పలక తీసింది. "కుదరదు. తిరగలి లేకుండా అమ్మ పాడలేదు. నేనూ పాడను."

ఆయన అది రెండుసార్లు చదివి నా వైపు తిరిగాడు. "ఏందమ్మా గిది? గిప్పుడు తిరగలి యాడికెల్లి తేవాలె?"

తిరగలి అంటే నేనేనని చెప్పుకోవాల్సి వచ్చింది. అలా ఇద్దరం ఒకే గదిలో, ఒకే మైకు ముందు. నేను తప్పు చేస్తే ఆమె మళ్లీ మొదటి నుంచీ పాడాలి. ఆ గొంతు నాలుగుసార్లు, మహా అయితే ఐదుసార్లు పాడుతుందని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో మా అత్తయ్యని మించినవాళ్లు లేరనుకునేదాన్ని. ఆయన ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, "గీ కరకర ఏంది?" అన్నాడు. నా గాజులు తీయించాడు. ఇంకా కరకరలాడుతోందన్నాడు. గడియారం తీయించాడు. ఇంకా ఉందన్నాడు. చివరికి చూస్తే అది అత్తయ్య గంజి పెట్టిన నేత చీర. ఊపిరి తీసుకున్నప్పుడల్లా కుచ్చిళ్లు రాసుకుంటున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ గంజి మడతలతోనే బడిని వణికించిన మనిషి, మారుమాట రాయకుండా పంపు దగ్గరికి వెళ్లి, కుచ్చిళ్ల మీద నీళ్లు చల్లుకుని తడి చీరతో వచ్చి నిలబడింది.

తర్వాత నా డబ్బా. "ఏం చెల్లె, మిర్చీ బజ్జీలేస్తున్నవా? జెర ఎనకకు జరుగు. ఇంకా. మైకు మొఖానికి పెట్టకు, జెర కిందికి, పక్కకు." మైకుకి దగ్గరగా డబ్బా నిజంగానే కాగిన నూనెలా వినపడుతుందట. నాలుగడుగులు వెనక్కి వెళ్లాక ఒప్పుకున్నాడు. పాటలో 'స' వచ్చిన చోటల్లా డబ్బా ఆ అక్షరాన్ని మింగేస్తోందని, అక్కడ చేయి తగ్గించమన్నాడు. మొదలుపెట్టే ముందు గింజలన్నీ డబ్బాలో నా వైపు కొసకి చేర్చి, బొమ్మలా నిలబడాలి. లేకపోతే తొలి దెబ్బకి ముందే నాలుగు గింజలు దొర్లి చాడీ చెప్పేస్తాయి.

మొదటిసారి మొదలుపెట్టాం. అత్తయ్య నోరు తెరిచింది. రెండు వారాలుగా నేను వినని గొంతు. జబ్బు ఉన్నట్టే లేదు. కింద స్థాయిలో, నిదానంగా, వంటింట్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పాడింది. నాకు గుండె దడదడలాడింది. చేయి దాని వెంట పడింది. రెండో చరణానికి నేను ఎక్కడో ముందున్నాను, ఆమె వెనక నుంచి వస్తోంది.

"పాట బస్సు గాదు చెల్లె, ఎటు ఉరుకుతున్నవ్?" అని మిషను ఆపాడు. అత్తయ్య పలక ఎత్తలేదు. ఊరికే చూసింది. ఎత్తినా బాగుండేది.

రెండోసారి నేను బాగానే ఉన్నాను. మొదటి చరణం అవుతుండగా వీధిలోంచి మిలిటరీ లారీ వెళ్లింది, కంబళ్లు కూడా అదిరాయి. ఆ తప్పు నాది కానందుకు సిగ్గులేకుండా సంతోషించాను. కానీ ఆ గొంతులోంచి ఒక చరణం ఖర్చయిపోయింది.

మూడోసారి అన్నీ కుదిరాయి. చేయి దానంతటదే ముందు బయలుదేరింది, గింజలు వాటంతటవే చోటికి చేరాయి. మూడు చరణాలూ అయ్యాయి. చివరి మాట గదిలో ఇంకా నిలిచి ఉంది. ఆయన కదలొద్దని చేయెత్తాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"ఆమేన్!" అంది అత్తయ్య.

మాకు పాట అక్కడే అయిపోదు. చిన్నప్పటి నుంచీ ప్రతి పాట చివరా ఆ మాట పడాల్సిందే. అది నోటికి కాదు, ఒంటికి పట్టిన అలవాటు. పన్నెండు రోజులు మంచినీళ్లు కావాలన్నా పలక మీద రాసిన మనిషి, వేలు తలుపు సందులో నలిగితే కూడా 'అబ్బా' అనని మనిషి, దాచుకున్న గొంతునంతా తీసుకొచ్చి ఈ ఒక్క మాట మీద పోసింది. మిషను ముల్లు ఎర్రగీత దాటి కొట్టుకుంది.

"పోనీ ఉండనీ అన్నా, ఆమేన్ ఉంటే తప్పేముంది?" అన్నాను.

"నాకేం తక్లీఫ్ లేదు. ఒకపారి ఇను" అని వెనక్కి తిప్పి వినిపించాడు.

పాటంతా ఒక గొంతు, ఆ చివరి మాట ఒక గొంతు. అది చీలిపోయి, రేకు గీరినట్టు వచ్చింది. మూడు చరణాల పొడుగునా ఆమె దాచిన జబ్బంతా ఆ ఒక్క మాటలో బయటపడింది. అక్కడికి కోసేయమన్నాను. "కోస్తె తెలుస్తది చెల్లె. పాట మోత ఇంక పోలే, అండ్లనే అనేసిండ్రు. కత్తెర పెట్టినట్టుంటది" అన్నాడు. అత్తయ్య కూడా విన్నది. "మళ్లీ" అని రాసింది.

నాలుగోసారి గొంతు కాస్త అరిగింది, అయినా నిలబడింది. నా చేయి నొప్పి పుట్టింది, అదీ నిలబడింది. చివరి మాట దాటాం. ఆయన చేయెత్తాడు. అత్తయ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకున్న చేతుల్లోంచి "ఆమేన్" అని వచ్చింది.

నేను అరిచేశాను. "అత్తయ్యా, నీకసలు బుద్ధుందా? తొందర తొందర అని పన్నెండు రోజులు నా ప్రాణం తీశావ్! ఒక్క మాట మింగేయలేవా? సోమవారం తర్వాత పాడతావా నువ్వు? పాడగలవా?"

అని ఆగాను. ఇంట్లో ఎవ్వరం అనని మాట అది. ఆ రికార్డింగాయన "చాయ్ తెస్త" అని గొణిగి బయటికి వెళ్లిపోయాడు. నాకు నా మీదే అసహ్యం వేసింది, అయినా కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉంటాయని అప్పుడే తెలిసింది.

అత్తయ్య పలక ఒళ్లో పెట్టుకుని బలపం తీసింది. తర్వాత రాసింది. "అమ్మ పాటని ఆమేన్ లేకుండా వదల్లేను."

నేను చేతులెత్తేశాను. ఈవిడతో వేగడం నా వల్ల కాదని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆమె లేచి వచ్చి నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. ముందుకి ఒకసారి నెట్టింది, నిదానంగా, బరువుగా. వెనక్కి ఒకసారి లాగింది, తేలికగా. రెండే దెబ్బలు. డబ్బా నా చేతిలో పెట్టి మళ్లీ రాసింది.

"నువ్వు అను. దీంతో."

ఐదోసారి ఆమె గొంతు నిజంగానే అరిగిపోయింది. మూడో చరణంలో ఒక మాట దాదాపు గాలిగా వెళ్లింది. నేను ఆమె పెదవులు చూస్తూ వెళ్లాను. పన్నెండు సాయంత్రాలు వినపడని పాటకి ఊపించింది ఎందుకో అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గినచోట పెదవులు ఉన్నాయి. చివరి మాట అయ్యాక ఆమె నోరు గట్టిగా మూసుకుని నా వైపు చూసింది. నేను ముందుకు నెట్టాను, వెనక్కి లాగాను. 

గదిలో చప్పుడు లేదు. ఆయన చేయి దించి, హెడ్‌ఫోన్ తీసి, "అయిపాయె" అన్నాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఏ తప్పూ పట్టలేదు. నేను చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. చెమట తుడుచుకుంటున్నాననుకుంటారులే అని.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. పాట రాలేదు. మాట కూడా రాలేదు, మాట ఉండాల్సిన చోట వట్టి ఊపిరి వచ్చేది. డాక్టరు నెల చూద్దామన్నాడు, తర్వాత ఇంకో నెల అన్నాడు, ఆ తర్వాత ఏమీ అనలేదు. క్యాసెట్ ఇంట్లో అప్పుడప్పుడూ పెట్టేవాళ్లం. అత్తయ్య శ్రద్ధగా వినేది. రెండో చరణంలో ఒకచోట, వేరే ఎవరికీ తెలియని చోట, నా వైపు పలక ఎత్తేది. అదే మాట. అన్నీ అయిపోయాక కూడా వదలకపోతే మనిషికి ఒళ్లు మండదా? నాకు మండేది.

ఆమె మళ్లీ చర్చికి వచ్చిన మొదటి ఆదివారం నా పక్కనే కూర్చుంది. అందరూ లేచి పాడుతుంటే తనూ లేచి పుస్తకం తెరిచి పట్టుకుంది. పెదవులు కూడా కదపలేదు. నేను పాడుతున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నాను. పాట అయిపోయింది. అందరూ "ఆమేన్" అన్నారు. ఆ మాట ఇంకా చర్చిలో ఉండగానే నా పక్కన, ఆమె చేతిసంచిలోంచి, గింజల చప్పుడు వినపడింది. రెండు దెబ్బలు. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

మొదటిది బాగానే పడింది. రెండోది ఆగలేక ముందే పడిపోయింది. సంచిలో చేయి తిరగలేదు కాబోలు. అందరూ కూర్చున్నాక నేను ఆమె ఒళ్లోంచి పలక తీసుకున్నాను. మూలనున్న ఆ మాట మీద వేలు పెట్టి, ఆమె ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను.

అత్తయ్య చదివింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. చర్చి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంత దగ్గర కూర్చున్నా నాకా నవ్వు వినపడలేదు.